జిప్సీకి సర్జ్ ట్యాంకు కట్టించుకున్నాం

కార్బ్యురేటర్ బండిలోకి ఎంపీఎఫ్ఐ ఇంజన్ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) ఎక్కించాలనుకునేవాళ్లు మౌంటింగుల గురించి, గేర్‌బాక్సు గురించి, వైరింగు గురించి నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుంటారు. పెట్రోలు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏముంది, ఓ ఎలక్ట్రిక్ పంపు తగిలిస్తే సరి' అంటారు. మా మారుతీ జిప్సీకి ఇంజన్ మార్చిన మెకానిక్ కూడా అలాగే చేశాడు. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాట్‌లో అసలు సంగతి బయటపడింది. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు దిగింది. హెయిర్‌పిన్ మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం చచ్చుబడి, మళ్లీ అందుకుంది. తర్వాతి మలుపులోనూ అంతే. వెనకాల లోడు లారీ ఉండగా ఎత్తు మీద బండి అలా చేస్తే ఎంత టెన్షనో ఆ దారిలో వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ బాధ తప్పించుకోవడానికే, మెయిన్ ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య సర్జ్ ట్యాంకు అనే చిన్న పెట్రోలు ట్యాంకు కట్టించుకున్నాం.

బండి పాత ఎంజీ410. జిప్సీ మన దేశంలోకి వచ్చింది 1985లో. అప్పటి ఎఫ్10ఏ ఇంజన్ 970 సీసీ, 45 హార్స్ పవర్. నలుగురు ఎక్కి, సామాను వేసుకుని ఘాట్ ఎక్కాలంటే రెండో గేరులోనే బతుకంతా. అందుకని స్క్రాపుకు వచ్చిన ఒక ఎంజీ413డబ్ల్యూ నుంచి జీ13బీబీ ఇంజన్, ఐదు గేర్ల గేర్‌బాక్సు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు), వైరింగు మొత్తం సెట్టుగా తీసుకున్నాం. 1300 సీసీ, పదహారు వాల్వులు, 80 హార్స్ పవర్. ఆ బండి ట్యాంకు కూడా తీసుకుంటే ఈ గొడవే లేకపోను, లోపల పంపు ఉండే ట్యాంకది. కానీ ఆ బండిని లారీ వెనక నుంచే గుద్దింది. ట్యాంకు నుజ్జయిపోయింది. 2019లో మామూలు జనానికి జిప్సీ అమ్మకాలు ఆగిపోయాక మంచి ట్యాంకు దొరకడం కష్టమైంది. మాకు చూపించినవన్నీ అడుగున తుప్పు తిన్నవే.

పాత ఇంజన్‌కు లేని బాధ కొత్త ఇంజన్‌కు ఎందుకంటే, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ చాంబర్ అనే చిన్న పెట్రోలు గిన్నె ఉంటుంది. ట్యాంకు నుంచి రెండు మూడు సెకన్లు గాలి వచ్చినా ఆ గిన్నెలో ఉన్న పెట్రోలుతో ఇంజన్ నడిచిపోతుంది. ఇంజెక్టర్ల దగ్గర అలాంటి నిల్వ లేదు. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో (దాన్నే రైలు అంటారు) సుమారు 3 బార్ ప్రెషర్ ఎప్పుడూ నిలబడి ఉండాలి. పంపు ఒక్క గుక్క గాలి మింగినా ప్రెషర్ పడిపోతుంది, ఇంజన్ దగ్గుతుంది. పైగా హై ప్రెషర్ పంపుకు చల్లదనమూ, లూబ్రికేషనూ ఆ పెట్రోలే. గాలి పీలుస్తూ తిరిగితే పంపు ఎక్కువ కాలం బతకదు. ఎంపీఎఫ్ఐ ట్యాంకుల్లో పంపు చుట్టూ ఒక గిన్నె ఉండి కొంత పెట్రోలును పట్టి ఉంచుతుంది. పాత కార్బ్యురేటర్ ట్యాంకులో ఒక పీల్చే గొట్టం, దాని చివర జాలీ, అంతే. పెట్రోలు పక్కకు జరిగితే గొట్టం నోరు గాలిలో తేలుతుంది.

దీనికి మందు సర్జ్ ట్యాంకు. ఇంట్లో సంపు, మిద్దె మీద ట్యాంకు ఉన్నట్టే ఇదీను: సంపులో నీళ్లు వస్తూ పోతూ ఉన్నా, పైట్యాంకు నిండుగా ఉంటే కుళాయికి ఆ సంగతి తెలియదు. మెయిన్ ట్యాంకు నుంచి తక్కువ ప్రెషర్ లిఫ్ట్ పంపు ఒకటి ఈ చిన్న ట్యాంకును నింపుతూ ఉంటుంది. హై ప్రెషర్ పంపు ఈ చిన్న ట్యాంకు అడుగు నుంచే పీలుస్తుంది. ఎక్కువైనది పై నుంచి పొంగి మెయిన్ ట్యాంకుకు తిరిగి వెళ్తుంది.

ముందు ఎంత పెద్దది కావాలో లెక్క వేశాం. చాలామంది ఇక్కడే అయిదు లీటర్లు, ఎనిమిది లీటర్లు అని వెళ్లిపోతారు. అంత అక్కర్లేదు. పెట్రోలు ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు ఒక్కో హార్స్ పవర్‌కు గంటకు దగ్గర దగ్గర 250 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 80కి 20 కిలోలు, అంటే సుమారు 27 లీటర్లు. నిమిషానికి అర లీటరు కూడా కాదు. లీటరున్నర ట్యాంకు ఉంటే, లిఫ్ట్ పంపు నుంచి చుక్క రాకపోయినా, యాక్సిలరేటర్ నేలకు ఆనించి తొక్కినా మూడు నిమిషాలు నడుస్తుంది. మలుపులో పెట్రోలు పక్కకు జరిగి ఉండేది కొన్ని సెకన్లే. రాళ్లబాటలో ఓ పక్కకు ఒరిగి మెల్లగా పాకేటప్పుడు ఇంజన్ తాగేది ఇందులో ఎన్నో వంతో. కాబట్టి లీటరున్నర దగ్గర ఆగాం.

రెండో లెక్క లిఫ్ట్ పంపుది. నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మేం పెట్టిన హై ప్రెషర్ పంపు 3 బార్ దగ్గర గంటకు 90 లీటర్ల దాకా తోస్తుంది. ఇంజన్ తాగేది మహా అయితే 27. మిగతాదంతా ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ గుండా రిటర్న్ గొట్టంలోకి వచ్చేస్తుంది. ఆ రిటర్న్‌ను మెయిన్ ట్యాంకుకు పంపితే, లిఫ్ట్ పంపు ఆ 90 లీటర్లనూ భర్తీ చేస్తూ ఉండాలి. కాస్త వెనకబడిందా, సర్జ్ ట్యాంకు ఖాళీ. అదే రిటర్న్‌ను సర్జ్ ట్యాంకులోకే కలిపితే లిఫ్ట్ పంపు భర్తీ చేయాల్సింది ఇంజన్ తాగిన 27 మాత్రమే. పాత లైను అలాగే ఉంది కదా అని రిటర్న్‌ను మెయిన్ ట్యాంకుకే వదిలేసి, పంపు మీద పంపు మార్చుకుంటూ పోయేవాళ్లకు చెప్పేదొకటే: రిటర్న్ గొట్టాన్ని మార్చండి, పంపును కాదు. కార్బ్యురేటర్ బండ్లకు వాడే, టకటకమని కొట్టుకునే చిన్న ఎలక్ట్రిక్ పంపు మాకు సరిపోయింది. గంటకు 100 లీటర్ల రకం.

ఇక డబ్బా. అల్యూమినియం తేలిక, చూడ్డానికి బాగుంటుంది, రేసు బండ్లలో ఎక్కువగా కనిపించేది అదే. మేం స్టీలు వైపు మొగ్గడానికి కారణం ఇథనాల్. 2025 నాటికి బంకుల్లో మనకు పోస్తున్నది దాదాపు అంతటా ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది. ఆ తేమ పూత లేని అల్యూమినియంకు మంచిది కాదు, జింకు పూత ఉన్న రేకుకు అసలే కాదు. ఎస్ఎస్304 స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ఆ బెంగ లేదు. బయటి కొలత 101.6 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు ఉన్న ట్యూబు ముక్క, లోపల 200 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేలా కోయించాం. లెక్క కడితే సరిగ్గా లీటరున్నర. పైనా కిందా 3 మిల్లీమీటర్ల మూతలు. పలకల డబ్బా కంటే ట్యూబు మేలు. వెల్డింగు తక్కువ, మూలల్లో గాలి నిలవదు.

నాలుగు దారులు ఎక్కడెక్కడ పెట్టాలన్నది కాగితం మీద గీసుకుని మా బావమరిదీ నేనూ చాలాసేపు వాదించుకున్నాం. హై ప్రెషర్ పంపుకు వెళ్లే దారి అట్టడుగున, అన్నిటికంటే వెడల్పుగా, 12 మిల్లీమీటర్లు. అడుగు మూత మధ్యలోనే పెట్టాం, బండి ఎటు ఒరిగినా దాని మీద పెట్రోలు ఉండేలా. ఓవర్‌ఫ్లో పై మూతలో, అన్నిటికంటే ఎత్తున. లోపలికొచ్చే గాలంతా పోయేది ఆ దారినే, కనుక దానికంటే ఎత్తులో లోపల ఇంకేమీ ఉండకూడదు. లిఫ్ట్ పంపు నుంచి వచ్చేది పై భాగంలో పక్క నుంచి. రిటర్న్ దగ్గరే వాదన. 'ఎక్కడ పెడితే ఏముంది బావా, పడేది అదే ట్యాంకులో కదా' అంటాడు వాడు. రిటర్న్‌లో వచ్చే పెట్రోలు వేడిగా, నురగగా ఉంటుంది. దాన్ని తిన్నగా కిందికి వదిలితే ఆ బుడగలు మళ్లీ పంపు నోట్లోకే పోతాయి. అందుకని దాన్ని కూడా పై భాగంలోనే, ట్యూబు గోడకు ఒరుసుకుంటూ పోయేలా ఏటవాలుగా పెట్టాం. పెట్రోలు గుండ్రంగా తిరుగుతుంటే బుడగలు పైకి తేలి ఓవర్‌ఫ్లో వెంట వెళ్లిపోతాయి. ఇంకొక్క నియమం: ఓవర్‌ఫ్లో రంధ్రం, లిఫ్ట్ పంపు నుంచి వచ్చే రంధ్రం కంటే సన్నగా ఉండకూడదు. ఉంటే సర్జ్ ట్యాంకులో ప్రెషర్ కడుతుంది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లేత్ మీద గొట్టాలు తగిలించే నాలుగు నిపిళ్లు తిప్పించుకుని, ఆర్గాన్ వెల్డింగు షాపుకు పట్టుకెళ్లాం. అక్కడి మేస్త్రి పనితనం చూసి తీరాలి. అన్నీ టాకాలు వేసి నిలబెట్టాక ఆయన వెల్డింగు మొదలుపెట్టలేదు. రెండు నిపిళ్లకు టేపు చుట్టి మూసేశాడు. అడుగున ఉన్న నిపిల్‌కు ఆర్గాన్ గొట్టం తగిలించి, గ్యాసు సన్నగా లోపలికి వదిలాడు. పైన ఓవర్‌ఫ్లో నిపిల్ ఒక్కటీ తెరిచి ఉంచాడు. ఎందుకన్నట్టు చూశాను.

'లోపల గ్యాసు నింపకుండా కొడితే బయట అద్దంలా ఉంటది బాబూ, లోపలివైపు నల్లగా పొక్కులెక్కుద్ది. ఎప్పుడో ఓ రోజు ఆ పొక్కు రాలుద్ది. రాలితే ఎక్కడికి పోద్ది? మీ పంపులోకే.'

ఆర్గాన్ గాలి కంటే బరువు. అందుకే కింద నుంచి వదిలి, గాలిని పై నుంచి తోసేయడం. కాసేపాగి, పై నిపిల్ దగ్గర లైటర్ మంట ఆరిపోవడం చూశాకే వెల్డింగు టార్చి పట్టుకున్నాడు. పెట్రోలు ముఖం చూడని కొత్త డబ్బా కాబట్టి మంట పెట్టగలిగాడు. వాడిన పెట్రోలు ట్యాంకు దగ్గర ఆ పని కలలో కూడా చేయకూడదు. ఒక్కసారి చుట్టూ తిప్పి కొట్టకుండా, ఎదురెదురు వైపుల చిన్న చిన్న ముక్కలుగా కొడుతూ వచ్చాడు, మూత వంకర పోకుండా. అయిపోయాక నిపిల్ రంధ్రంలోంచి టార్చిలైటు వేసి చూస్తే లోపలి అతుకు లేత బంగారు రంగులో ఉంది. పొక్కు అన్న మాట లేదు. వెల్డింగు షాపుకు వెళ్లేవాళ్లు లోపల ఆర్గాన్ పెడతారా అని ముందే అడగండి. ఎందుకని ఎదురు అడిగితే ఇంకో షాపు చూసుకోండి.

లీకు చూడటానికి సైకిల్ పంపు, ఒక గేజి, నీళ్ల తొట్టి చాలు. అర బార్ దాటనివ్వలేదు. సర్జ్ ట్యాంకు పనిచేసేది దాదాపు సున్నా ప్రెషర్‌లో. గాలి ఎక్కువ కొట్టి పరీక్షిస్తే, అతుకు ఊడితే ప్రమాదం. అడుగు నిపిల్ మొదట్లో ఒకచోట గుండుసూది తలంత బుడగ, లెక్కపెట్టుకుంటూ ఉంటే ఒకటి పోయాక ఎంతోసేపటికి ఇంకోటి. మేస్త్రి అక్కడ మళ్లీ కొట్టి ఇచ్చాడు. ఆ తర్వాత రాత్రంతా గాలి పట్టి ఉంచితే గేజి ముల్లు కదల్లేదు.

బిగించింది చాసిస్‌కు, సైలెన్సర్ పైపు లేని వైపు. క్యాబిన్ లోపల పెట్టొద్దు, ఎంత తేలికైన దారి అనిపించినా సరే. హై ప్రెషర్ పంపు సర్జ్ ట్యాంకు కంటే కిందికి ఉండాలి, పెట్రోలు దానంతటదే పంపులోకి దిగేలా. లిఫ్ట్ పంపును మెయిన్ ట్యాంకు పక్కనే పెట్టాం. ఇలాంటి పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో కాదు. ఫిల్టర్ల వరుస కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా: లిఫ్ట్ పంపుకు ముందు ముతక జాలీ ఫిల్టరు, హై ప్రెషర్ పంపు తర్వాత ఎంపీఎఫ్ఐ బండ్ల స్టీలు ఫిల్టరు. సన్న ఫిల్టరు హై ప్రెషర్ పంపుకు ముందు పెడితే పంపుకు పీల్చడం కష్టమై లోపల ఆవిరి బుడగలు పుడతాయి. మెయిన్ ట్యాంకుకు పాత రిటర్న్ గొట్టం ఎలాగూ ఉంది, ఓవర్‌ఫ్లోను దానికే కలిపాం. ముందు దాన్ని విప్పి గాలి ఊది, దారి సాఫీగా ఉందని చూసుకున్నాకే.

హోస్ పైపుల దగ్గర పైసా మిగిల్చుకోవాలని చూడొద్దు. పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి. ఆర్7 కార్బ్యురేటర్ ప్రెషర్‌కు చేసిన రకం. చేతికి రెండూ ఒకేలా తగులుతాయి, ధరలో తేడా తెలుస్తుంది. ఆర్9 లోపలి పొర ఇథనాల్‌ను కూడా తట్టుకుంటుంది. క్లిప్పులు కూడా అంచులు మడిచిన ఇంజెక్షన్ రకమే. గీతలు కోసిన మామూలు క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది.

కరెంటు పనిలో ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. లిఫ్ట్ పంపును తాళం నుంచి నేరుగా ఇచ్చేస్తారు చాలామంది. ఈసీయూ ఏం చేస్తుందంటే, తాళం తిప్పగానే రెండు సెకన్లు పంపు తిప్పి, ఇంజన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే కొనసాగిస్తుంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. ఆక్సిడెంట్ అయి బండి పల్టీ కొట్టి, గొట్టం తెగి, తాళం ఆన్‌లోనే ఉండిపోయిందనుకోండి. నేరుగా ఇచ్చిన లిఫ్ట్ పంపు రోడ్డు మీదికి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అందుకని రెండు పంపులకూ వేర్వేరు రిలేలు, వేర్వేరు ఫ్యూజులు పెట్టినా, రెండు రిలేలనూ ఈసీయూ సిగ్నల్‌తోనే నడిపాం. ఇందులో బేరాల్లేవు.

మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు సర్జ్ ట్యాంకు ఖాళీగా ఉంటుంది. ఆ రెండు సెకన్ల ప్రైమింగుతో అది నిండదు, హై ప్రెషర్ పంపు ఎండిపోయి తిరుగుతుంది. కాబట్టి హై ప్రెషర్ పంపు ఫ్యూజు తీసేసి, లిఫ్ట్ పంపు రిలేను వైరు ముక్కతో కలిపి నింపాం. ఓవర్‌ఫ్లో లైనులో తాత్కాలికంగా పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి చూశాం. మొదట ఒట్టి గాలి, తర్వాత నురగ, కాసేపటికి గొట్టం మొత్తం నిండుగా లేత పసుపు పెట్రోలు, ఒక్క బుడగ లేకుండా. అప్పుడు ఫ్యూజు పెట్టి తాళం తిప్పితే రైలు గేజి 3 బార్‌కు ఎక్కి నిలబడింది. స్టార్టు అయ్యాక ఐడ్లింగులో రెండున్నరకు దిగింది. వాక్యూమ్ గొట్టం రెగ్యులేటర్‌కు సరిగ్గా అందుతోందనడానికి అదే గుర్తు. ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని పని కాగానే తీసేయాలి. పెట్రోలుకు బిరుసెక్కి పగిలిపోతుంది.

తర్వాత కావాలనే ట్యాంకును పావు కంటే కిందికి దింపి అదే ఘాట్‌కు వెళ్లాం. గేజిని బానెట్ బయటికి తెచ్చి, అద్దం ముందు వైపర్ దగ్గర కట్టాం. క్యాబిన్‌లోకి ప్రెషర్‌లో ఉన్న పెట్రోలు గొట్టం తేవడం ఏ కారణానికీ తగదు. బావమరిది నడుపుతుంటే నేను ముల్లు మీంచి చూపు తిప్పలేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 3కి, వదిలినప్పుడు రెండున్నరకు, మలుపు ఎటు తిరిగినా ఇంతే. లిఫ్ట్ పంపు గాలి పీల్చినప్పుడల్లా దాని టకటక ఒక్కసారిగా వేగం అందుకునేది, స్పష్టంగా వినిపించేది. అంటే మెయిన్ ట్యాంకులో పీల్చే గొట్టం నోరు తేలుతూనే ఉంది. ఇంజన్‌కు మాత్రం తెలియలేదు. 'బావా, పెట్రోలు లేకపోయినా పోయేలా ఉంది' అన్నాడు వాడు. నాకప్పుడు కలిగిన సంతోషం ఇంజన్ మొదటిసారి స్టార్టయినప్పుడు కూడా కలగలేదు.

మిగిలిన భయం ఎండ. మేలో విజయవాడ ట్రాఫిక్‌లో, ఐడ్లింగులో, ఇంజన్ వేడి తాకిన పెట్రోలు అదే లీటరున్నరలో గిరగిరా తిరుగుతుంటే వేడెక్కదా? ఇక్కడ లిఫ్ట్ పంపు కాస్త పెద్దదిగా ఉండటం పనికొచ్చింది. గంటకు 100 లీటర్లంటే సర్జ్ ట్యాంకులో ఉన్నదంతా దాదాపు నిమిషానికోసారి మారిపోతున్నట్టు. వేడి మెయిన్ ట్యాంకులోని పెట్రోలంతటికీ పంచబడుతుంది. వేడిని కొలవాలనుకుంటే మెరిసే స్టీలు మీద లేజర్ థర్మామీటరు తప్పు చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. మెయిన్ ట్యాంకు అడుగంటేలా ఉన్నప్పుడు వేడి తొందరగా ఎక్కుతోంది, పంపు శబ్దం కాస్త సన్నబడుతోంది. అందుకని ఎండాకాలం సగానికి తగ్గకుండా చూసుకుంటున్నాం. సైలెన్సర్ వైపు ఒక అల్యూమినియం రేకు అడ్డం కూడా పెట్టించాం.

కాగితాల సంగతి. ఇంజన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి, కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలోకి ఎక్కాలి. అదే కంపెనీ, అదే పెట్రోలు ఇంజన్ కావడం మాకు కలిసొచ్చింది. స్క్రాపు బండి ఇంజన్ కొన్న కాగితాలు భద్రంగా పెట్టుకోండి, మొదట అడిగేది అవే. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా రాసి ఇచ్చాం.

ఇక చేయాల్సింది మెయిన్ ట్యాంకు కడిగించడం. ముతక ఫిల్టరు విప్పినప్పుడల్లా ఎర్రటి తుప్పు పొడి కొంచెం కనిపిస్తోంది, ఈ20 పాత తుప్పును వదిలిస్తున్నట్టుంది. వానాకాలం మొదలయ్యేలోపు ట్యాంకు దింపి, కడిగి, పీల్చే గొట్టం జాలీ మార్చాలి.